గంటము నుండి మీట వరకు: తెలుగు వ్రాతయు నిత్యజీవనమును

తెలుగు లిపిని గూర్చిన ప్రసంగము వచ్చినపుడెల్ల ఒక ఫిర్యాదు వినవచ్చుచుండును. అచ్చుకూటము వచ్చి అరసున్నను మ్రింగినది; టైపు యంత్రము వచ్చి బండి రకారమును త్రోసివేసినది; నేడు చేతి ఫోను వచ్చి లిపినే తినివేయుచున్నది అనునది దాని సారాంశము. సభలలోను, తరగతి గదులలోను, పరిశోధక విద్యార్థుల మౌఖిక పరీక్షలలోను మేము ఈ మాటను పలుమార్లు వింటిమి. ఇందు సత్యము బొత్తుగా లేదని చెప్పజాలము. కాని పనిముట్టు చేసిన పని ఎంత, దానిని పట్టిన చేయి చేసిన పని ఎంత అని విడదీసి చూచినచో ఈ ఫిర్యాదు అంత నిలుకడ గలదిగా తోచదు. మేమిచట లిపి చరిత్రను ఆమూలాగ్రముగ చెప్పబూనలేదు. తెలుగువారు వ్రాతకు వాడిన సాధనములు మారినపుడు నిత్యజీవనమున ఏమి మారినది, ఏమి మారలేదు అను విషయమున మాకు తోచిన కొన్ని సంగతులను మాత్రము ముందుంచుచున్నాము.

మొదట తాటాకును చూతము. తాటియాకునో శ్రీతాళపుటాకునో కోసి, ఆరబెట్టి, నునుపు చేసి, సమముగా కత్తిరించి, రంధ్రము పొడిచి, త్రాడు దూర్చి, పైనను క్రిందను చెక్కలు పెట్టి కట్టుట మన పెద్దలకు తెలిసిన పని. ఆకుపై వ్రాయుట యనగా నిజముగా గీయుటయే. గంటము ఇనుప ములుకు. దానికి సిరా లేదు. గీసిన పిదప ఆకుపసరుతో కలిపిన మసిని పూసి తుడిచినచో గీతలలో మాత్రము నలుపు నిలుచును. అనగా లేఖకుడు వ్రాయుచున్నపుడు తాను వ్రాసినది అతనికి స్ఫుటముగా కనబడదు. ఎడమచేత ఆకును పట్టుకొని, ఆ చేతి బొటనవ్రేలి ఊతతోనే కుడిచేతి గంటమును ముందునకు నడుపును. నేడు ఫోనుపై బొటనవ్రేళ్ళతో చకచక వ్రాయు యువకులను చూచునపుడు, వ్రాతలో బొటనవ్రేలికి దక్కిన ఈ పెత్తనము క్రొత్తది కాదని మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

తెలుగక్షరములు గుండ్రనివగుటకు తాటాకే కారణమని అందరును చెప్పుదురు. ఈనె వెంట నిడుపాటి గీత గీసినచో ఆకు చీలును గనుక లేఖకులు వంపులు తిప్పిరని వాదము. వాదము బాగుగనే యున్నది. బడిపిల్లలకు చెప్పుటకు మిక్కిలి అనువైనది. కాని పొరుగున తమిళులును అదే ఆకుపై, అదే గంటముతో వ్రాసిరి గదా. వారి ట, ప అక్షరములు నేటికిని నిలువు గీత, అడ్డు గీతలతోనే యున్నవి. ఉత్తరదేశమున తాళపత్రములపై గీయక కలముతో సిరాపెట్టి వ్రాసిరి గనుక అచట గీతలు నిలిచినవని సమాధానము చెప్పవచ్చును. తమిళమునకు ఆ సమాధానము చెల్లదు. ఆకు కొన్ని గీతలను కష్టపరచినది. ఆ కష్టమును తప్పించుకొను తెరువును ఒక్కొక్క దేశపు చేయి ఒక్కొక్క తీరున ఎన్నుకొన్నది. కన్నడ తెలుగులు రెండును ఒకే లిపిగా నున్న కాలముననే ఈ గుండ్రదనము స్థిరపడినది. పిమ్మట రెండు లిపులు విడిపోయినను అది రెండింటను నిలిచినది.

తాళపత్రమును గూర్చి మరియొక సంగతి చెప్పవలసి యున్నది. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. పద్యమునకు పాదవిభాగము లేదు. ఎకార ఒకారములకు హ్రస్వదీర్ఘ భేదమును పాటించు లేఖకులు అరుదు. అరసున్నను నియతముగా గుర్తించు అలవాటు కానరాదు. ఇన్ని లోపములతో చదువరి ఎట్లు చదివెనని నేటి విద్యార్థి అడుగును. ఛందస్సు తెలిసినవాడు యతిప్రాసలను పట్టుకొని చదివెను. సగము గ్రంథము అతనికి కంఠస్థమై యుండెను. ఆ వ్రాత జ్ఞప్తికి తోడు. జ్ఞప్తికి బదులు కాదు. ఈ మాటను చదువరులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. ఫోను సంగతి వచ్చునపుడు దీనితో మరల పని యున్నది.

ఆకు పోయినను దాని మాటలు పోలేదు. కమ్మ యనగా తాటాకు. చెవిలో పెట్టుకొను ఆకుచుట్ట క్రమముగా బంగారు కమ్మ ఆయెను. లేఖకును కమ్మ యనియే పేరు. పుస్తకపు పుట ఒక ముఖమును, ఆకు రెండు ముఖములను చెప్పు వాడుక మొన్నమొన్నటి వరకు సంపాదకులలో నుండెను. ఇక అచ్చు అను మాట. బెల్లము పోయునది అచ్చు. మగ్గమున నూలుపోగులు సాగునది అచ్చు. ముద్రణము వచ్చినపుడు తెలుగువాడు క్రొత్త మాటకై వెదకులాడలేదు, బెల్లపు అచ్చునే అచ్చుకూటమునకు తెచ్చుకొన్నాడు. పండితులు ముద్రణాలయమనిరి, ఆ మాటయు బ్రతికినది. రైలు విషయమున అట్లు జరుగలేదు. జనులు పొగబండి యనిరి, పండితులు ధూమశకటమనిరి. తుదకు రెండును ఓడి రైలు మిగిలినది. ఏ మాట నిలుచునో ముందుగా చెప్పగల శాస్త్రము మాకు తెలియదు. చేతికి పరిచయమైన వస్తువుతో పోలిక కుదిరినచోట దేశిపదము నిలిచినట్లు మాత్రము కనబడుచున్నది.

అచ్చు తెలుగుదేశమునకు దూరమున పుట్టి వచ్చినది. తెలుగున తొలి అచ్చు పుస్తకములు 1746-47 సంవత్సరములలో జర్మనీ దేశమున హాలే నగరమున వెలువడినవి. మద్రాసులో మతప్రచారము చేసి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ వాటిని వెలువరించెను. పిదప వంగదేశమున శ్రీరామపురమున కేరీ దొర తెలుగు వ్యాకరణమును 1814లో ప్రకటించెను. అచటి అక్షరపు పోతల పని పంచానన కర్మకారుని కుటుంబపు చేతిది, వారు వంగలోహకారులు. 1812లో ఆ ముద్రణాలయము కాలిపోయినపుడు అనేక భాషల అచ్చక్షరములు కరగిపోయినవి. మద్రాసులో కోట కళాశాల 1812లో ఏర్పడిన పిమ్మట కాంబెల్ వ్యాకరణము 1816లో వచ్చినది. హాలే, శ్రీరామపురము, మద్రాసు. ఈ మూడుచోట్లను అచ్చును నడపినవారికి తెలుగు పరభాష. మన అక్షరము లోహమున పోతపోసికొన్న తొలినాళ్ళలో దాని రూపమును నిర్ణయించుట మన యొక్కరి చేతిలో లేకుండెను. దీనిని పెద్ద అన్యాయముగా మేము చెప్పుటలేదు. ఆ పనిని అప్పటికి మనము చేసికొనలేదు, చేసినవారు చేసిరి.

అచ్చు వలన పోయినదని చెప్పబడు అరసున్న సంగతి ఇపుడు విచారింతము. మీద చెప్పినట్లు తాళపత్రములలో దీనికి నియతస్థానము లేదు. ఏఁడు అనగా సంవత్సరము, ఏడు అనగా సంఖ్య. ఈ భేదమును కంటికి కనబడునట్లు ప్రతిచోటను చూపు పట్టుదల పందొమ్మిదవ శతాబ్దిలో వ్యాకరణములతోను అచ్చుతోను వచ్చినది. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858 నాటిది. బడులు, పరీక్షలు, పాఠ్యపుస్తకములు దానిని అనుసరించినవి. అనగా అరసున్నను ఊరూర నాటినది అచ్చుకూటమే. తరువాత దానిని పెరికివైచినదియు అచ్చుకూటమే యని ఒప్పుకొందము. ఆ రెండు పనులను ఒకే యంత్రము చేసినపుడు కారణము యంత్రమున నున్నదని ఎట్లనగలము? నడుమ మారినది వ్రాయువారి సంఖ్య. అరసున్న ఎచట పెట్టవలెనో తెలియుటకు పూర్వరూపమున నున్న నిండుసున్నను ఎరిగియుండవలెను; ఏండ్లు అను బహువచనమున ఆ సున్న నేటికిని పలుకుచున్నది. పండితునకు అది సులభము. దినపత్రికకు వార్త వ్రాయువానికి, కార్డు వ్రాయు గృహిణికి అది భారము. గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమము వ్రాతను పలుకుబడి దరికి తెచ్చినపుడు, పలుకున లేని గుర్తు వ్రాతలో నిలుచుట కష్టమాయెను. అరుగు అనగా పోవుట, అఱుగు అనగా జీర్ణమగుట. బండి రకారము పోయినదియు ఈ త్రోవనే. ఈ వ్యాసమున మేమును ఉదాహరణములకు దప్ప ఆ రెండింటిని వాడుటలేదు. దానికి యంత్రము అడ్డుపడుట కారణము కాదు, మా చేతి అలవాటు కారణము.

ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వలపలగిలక. పూర్వపు తెలుగున ధర్మ అను మాటలో రేఫమును మకారమునకు కుడిప్రక్కన, తొమ్మిది అంకెను బోలిన గుర్తుగా వ్రాసెడివారు. పాత అచ్చు పుస్తకములలో అది విరివిగా కనబడును. ఇరువదవ శతాబ్దిలో తెలుగువారు దానిని మెల్లగా విడిచి, రేఫమును పూర్తిగా వ్రాసి మకారమును వత్తుగా క్రిందికి దించిరి. కన్నడిగులు విడువలేదు, నేటికిని వారి పత్రికలలోను, పుస్తకములలోను, ఫోనులలోను అది నిక్షేపముగా నున్నది. రెండు భాషలకును అవే లోహపు దిమ్మలు, ఆ తీరు అరలపెట్టెలు, పిమ్మట అవే టైపు యంత్రములు, అవే కంప్యూటరులు. యంత్రము ఒకటియై ఫలితము రెండైనపుడు భేదము యంత్రమున నుండజాలదు. ధ్వని క్రమము నెరిగి వ్రాయుట మేలని తెలుగువారికి తోచియుండవచ్చును; పిల్లలకు నేర్పుట సులభమని ఉపాధ్యాయులు తలచియుండవచ్చును. ఏమైనను ఆ నిర్ణయము మనది.

తమిళ, మలయాళములలో ఇట్టి మార్పులు ప్రభుత్వపు ఉత్తరువుల వలన వచ్చినవి. మలయాళమున 1971లో టైపు యంత్రమునకు అనువుగా సంయుక్తాక్షరములను విడదీసిరి. తమిళమున 1978లో కొన్ని గుణింతపు రూపములను సరళము చేసిరి. అందువలన వారికి తేదీ కలదు, ఉత్తరువు ప్రతి కలదు, ఉత్తరువుతో పోట్లాడుటకును వీలు కలదు. మలయాళమున పాతలిపిని మరల తెచ్చుటకు కంప్యూటరు వచ్చిన పిమ్మట ఒక ఉద్యమమే సాగినది. తెలుగున నకారపొల్లు పోయిన తేదీ ఏది? వలపలగిలకను తీసివేసిన వారెవరు? చెప్పుటకు పేరు లేదు. ఎవరికిని చెప్పకుండ, ఎవరిని అడుగకుండ, ఇంటి సామాను సర్దుకొన్నట్లు మనము అక్షరములను సర్దుకొంటిమి. పరిశోధకునకు ఇది కొంత చిక్కు పెట్టు సంగతియే.

అచ్చు ఎక్కని వ్రాత సంగతి వేరు. కరణములు వ్రాసిన గొలుసుకట్టు ఇందుకు ఉదాహరణము. కలము ఎత్తకుండ, అక్షరమును అక్షరముతో గొలుసువలె కూర్చి, తలకట్టులను ఎగురగొట్టి వ్రాసెడి ఆ వ్రాత గ్రామ పరిపాలనమునకు జీవనాడి. భూమి కొలతలు, శిస్తు లెక్కలు, క్రయ దస్తావేజులు, భాగపరిష్కారములు, అప్పు పత్రములు ఆ వ్రాతలోనే యుండెను. దానిని తండ్రి వద్ద కొడుకు నేర్చెను. బడిలో ఎవరును నేర్పలేదు. ఏ అచ్చుకూటమును దానికి దిమ్మలు పోయలేదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దు చేసినది. ఆ పదవుల మంచిచెడ్డలు వేరు చర్చ. పదవితోపాటు ఆ వ్రాతయు పోయినది. ఒక కుటుంబమువారు తమ పొలపు పాత కాగితముల కట్టను మా యొద్దకు తెచ్చిరి. కాగితములు తెలుగున నున్నవి, తెచ్చినవారు తెలుగువారు, పట్టభద్రులు. వారికొక పంక్తియు చదువరాలేదు. మాకు సగమే వచ్చినది. పొరుగూరినుండి ఎనుబది యేండ్లు దాటిన ఒక పెద్దమనిషిని పిలుచుకొని రాగా, ఆయన కండ్లద్దములు తుడిచికొని, నాలుగు హద్దులను పాఠము అప్పగించినట్లు చదివివేసెను. హద్దులలో నొకటి ఎండిపోయిన కాలువ. మరియొకటి కొట్టివేసిన చింతచెట్టు. ఆ రెండును లేని నేలపై ఆ దస్తావేజు ఏ మేరకు చెల్లునో న్యాయవాది చెప్పవలెను.

ఆ కాగితములలో భిన్నములకు ప్రత్యేక చిహ్నములున్నవి. పాతికకు, వీసమునకు, కానికి. అనగా నాలుగవ భాగమునకు, పదునారవ భాగమునకు, అరువదినాలుగవ భాగమునకు. నాలుగు చొప్పున భాగించుకొనిపోవు ఆ లెక్క మన అంగడిలోను కళ్ళములోను శతాబ్దములు నడచినది. దానిని చంపినది ఏ యంత్రమును కాదు. 1957 ఏప్రిలు మొదటి తేదీన రూపాయి నూరు నయాపైసలాయెను. దశాంశపు తూనికలు, కొలతలు వెంట వచ్చినవి. చిహ్నములకు పని లేకపోయెను. వీసము గుర్తును మరచినవారు సైతము వీసమంత సందేహము లేదని నేటికిని పలుకుదురు. గుర్తు పోయి మాట మిగిలిన దృష్టాంతములు మన భాషలో ఇంకను వెదకవలసి యున్నవి.

తెలంగాణమున కథ మరియొక తీరున నడచినది. నిజాం పాలనమున కచేరీ వ్రాత ఉర్దూది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో ఏర్పడినది. ఇంటిలో తెలుగు, కాగితముపై ఉర్దూ. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారికిని, 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరము ప్రతాపరెడ్డిగారికిని అచ్చు తెలుగు ఉనికికి సాక్ష్యము. అచ్చు లిపిని చెరచినదని వాపోవు వారు, అచ్చు దొరకుటయే గొప్పయైన చోటును గూడ తలచుకొనవలెను. పహాణీ, జమాబందీ వంటి మాటలు ఆనాటి కచేరీ నుండి వచ్చి పల్లెటూరి నోటిలో స్థిరపడినవి. వాటిని పరభాషాపదములని రైతు ఎన్నడును అనుకొనలేదు.

ఇక తంతి, టైపు యంత్రములు. తంతివార్త మన యిండ్లకు సామాన్యముగా ఆంగ్లమున వచ్చెడిది. తపాలా జవాను గుమ్మమున నిలువగనే ఇంట ఏడుపు మొదలగుటయు, పిమ్మట ఆంగ్లము వచ్చినవానిని వెదకి చదివించుకొనగా అది ఉద్యోగవార్త యగుటయు చాల కుటుంబములలో కథగా చెప్పుకొనెడి సంగతి. తన వార్తను తాను చదువుకొనలేని ఆ దురవస్థ సాధనమున పుట్టినదే. అచట మేము యంత్రమును తప్పుబట్టుటకు వెనుదీయము. 2013 జూలైలో ఆ తంతి సేవ దేశమున ముగిసినది. టైపు యంత్రము తెలుగక్షరమును ముక్కలు చేసి, తలకట్టు నొకచో, కొమ్ము నొకచో, వత్తు నొకచో కొట్టించినది. 1966 అధికార భాషా చట్టము తరువాత కార్యాలయములలో దానికి కొంత గిరాకీ కలిగినను, ఇంటింట వాడు వస్తువు అది కాలేదు. దానిని గూర్చి అంతకు మించి చెప్పుట అనవసరము.

కంప్యూటరు వచ్చినపుడు అక్షరమునకు రూపము గాక సంఖ్య ముఖ్యమాయెను. భారతీయ లిపులన్నింటికి ఒకే చట్రమున సంకేతములు కూర్చిన ఇస్కీ ప్రమాణము 1988లోను, సవరణతో 1991లోను వచ్చినది. ప్రపంచ లిపులకెల్ల ఉద్దేశించిన యూనికోడు 1991లో వెలువడినపుడు దాని తెలుగు విభాగము ఈ చట్రము ననుసరించియే కూర్పబడినది. ఉమ్మడి చట్రమున ఉమ్మడి అక్షరములకు చోటు సుఖముగా దొరకినది. అరసున్నయు బండి రకారమును మొదటినుండియు ఉన్నవి. తెలుగునకే చెల్లు గుర్తులలో కొన్ని ఆగవలసి వచ్చినది: దంత్య చ, జ లకును, పైన చెప్పిన భిన్నచిహ్నములకును 2008లో సంఖ్యలు దొరకినవి. కరణములు వెడలిన యిరువదినాలుగేండ్లకు వారి లెక్కల గుర్తులు అంతర్జాతీయ పట్టికలో కెక్కినవి.

ఈ సంఖ్యల పద్ధతిలో స్త్రీ అను ఒక్క అక్షరము ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. పలుకున ఒక్కటి, కంటికి ఒక్కటి, యంత్రమునకు ఆరు. ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. దీనికి రూపాయలలో ఫలితము కలదు. చేతి ఫోనుల తొలినాళ్ళ సందేశమున రోమను లిపి వ్రాసినచో 160 అక్షరములు పట్టును. తెలుగు వంటి లిపి వ్రాసినచో 70 సంకేతములే పట్టును. సందేశమునకు ఇంతయని వెల కట్టునపుడు తెలుగున వ్రాయువాడు రెట్టింపునకు పైగా చెల్లింపవలెను; పైగా చాల ఫోనులలో తెలుగు అక్షరములే లేవు. అట్టి స్థితిలో యువకులు తెలుగును రోమను లిపిలో వ్రాసిరన్నచో వారిని నిందించుట తగదు. వారు తెలుగును విడువలేదు. చవుకయైన ఆకును ఎన్నుకొనిరి.

కాని ఆ వెల నేడు లేదు. సందేశములు సంఖ్యతో నిమిత్తము లేక పోవుచున్నవి. తెలుగు మీటలు ప్రతి ఫోనునందును దొరకుచున్నవి. పలికినచో తెలుగున వ్రాసిపెట్టు సౌకర్యమును కలదు. అయినను రోమను వ్రాత నిలిచియున్నది. మా విద్యార్థులలో అచ్చమైన తెలుగు పద్యము చెప్పగలవారు సైతము, తరగతి ఎపుడని అడుగుటకు రోమను లిపినే ఆశ్రయింతురు. కారణము తీరిన పిదపను అలవాటు నిలుచుట చరిత్రలో తరచుగా కనబడు విషయము. ఆ వ్రాతలో కల్లు, కళ్ళు, కాళ్ళు మూడును ఒకే రూపమున నుండును. చదువరి సందర్భమును బట్టి పోల్చుకొనును, పొరబడుట అరుదు. హ్రస్వదీర్ఘములు చూపని తాళపత్రమును పద్యమెరిగినవాడు చదివిన తీరే ఇది. ఒక భేదము మాత్రము కలదు. పద్యమును ఎరిగినవారు తరతరములు పుట్టుచుండిరి గనుక తాళపత్రము చదువబడినది. ఇద్దరు మిత్రుల నడుమ నడచిన మాటల సందర్భమును ఆ యిద్దరు దప్ప ఎరిగినవారుండరు. ఒక శతాబ్దికి పిమ్మట నేటి వ్యావహారికమును పరిశోధింపబూనువానికి ఆ వ్రాతలో మన దీర్ఘములు, మన ళకారములు, మన మహాప్రాణములు ఎట్లు తెలియును? గిడుగువారు శాసనములను తాళపత్రములను శోధించి నాటి పలుకుబడిని నిరూపింపగలిగిరన్నచో, నాటి లేఖకుల తప్పులు సైతము తెలుగక్షరములలో నుండుట వలననే.

క్రియాపదము మారిన సంగతియు గమనింపదగినది. ఉత్తరము వ్రాసితిననుట వాడుక. మెసేజి పెట్టితిననుట నేటి వాడుక. మెసేజి వ్రాసితినని మేము ఎవరి నోటను వినలేదు. ఉభయకుశలోపరి యని మొదలిడి, పెద్దలకు నమస్కారములు, పిన్నలకు ఆశీస్సులు పంచిపెట్టి, శుభవార్తయైనచో మూలలకు పసుపు పూసి పంపిన కార్డు ఒక రచన. మెసేజి ఒక వస్తువు; దానిని ఎదుటివాని ముందు పెట్టుదుము. తెలుగు నుడికారము ఈ భేదమును మన పండితులకంటె ముందుగా పసిగట్టినది.

యంత్రము మన లిపిని చూచి తడబడిన వృత్తాంతము 2018 ఫిబ్రవరిలో జరిగినది. జకార ఞకారములు కలిసిన జ్ఞా అను అక్షరమును, నడుమ కంటికి కనబడని ఒక సంకేతముతో పంపినచో ఐఫోనులు స్తంభించినవి. ఆ నెల 19వ తేదీన సంస్థ దానిని సరిదిద్దినది. జ్ఞానమున మొదటి అక్షరమునకే యంత్రము కూలినదని తెలుగువారు చాల పరిహాసములాడిరి. మాకు పరిహాసముకంటె ఆ కనబడని సంకేతము ముఖ్యము. సాఫ్ట్‌వేర్ వంటి మాటలలో టకారము క్రింద వకారము వత్తుగా దిగకుండ నిలుపుటకు నేడు అందరును దానిని వాడుచున్నారు. ఆంగ్లపదములు హల్లుతో ఆగును; తెలుగు హల్లుతో ఆగుటకు ఇష్టపడదు, తరువాతి హల్లుతో కలిసిపోవును. రెండు భాషల స్వభావము నడుమ గోడగా, రూపము లేని ఒక గుర్తు నిలిచినది. మన లిపిలో కంటికి కనబడక పనిచేయు గుర్తు ఇంతకు ముందున్నట్లు తోచదు.

తెలుగు తనంత తాను హల్లుతో ఆగిన చోటు ఒకటి కలదు, అది ద్రుతము. వచ్చెన్, రామునిన్ అనునపుడు తుది నకారమునకు పూర్వులు ప్రత్యేకమైన రూపమును వాడిరి. అదియే నకారపొల్లు. తాళపత్రములలోను తొలి అచ్చులలోను అది కలదు; పిదప సామాన్యమైన పొల్లు దానిని త్రోసిపుచ్చినది. దానికి యూనికోడులో సంఖ్య 2021లో లభించినది. పాత గ్రంథమును ఉన్నది ఉన్నట్లు ఎత్తివ్రాయగోరు పరిష్కర్తకు ఇది చిన్న లాభము కాదు. వలపలగిలకకు నేటికిని కొందరు పోలికను బట్టి తొమ్మిది అంకెను వాడుచున్నారు. వెదకునపుడు అది అంకెగనే దొరకును గనుక ఈ పద్ధతి పరిశోధనకు పనికిరాదని మా అభిప్రాయము.

గొలుసుకట్టునకు పట్టిన గతి మరియొక వ్రాతకు మన కండ్లయెదుట పట్టుచున్నది. యూనికోడు వాడుక స్థిరపడక పూర్వము అక్షరపు ముక్కలకు ఎవరికి తోచిన సంఖ్య వారు ఇచ్చుకొని ఖతులను తయారుచేసిరి. రోమను అక్షరముల స్థానమున తెలుగు ముక్కలను కూర్చిన ఆ ఖతులలో వేలకొలది పుస్తకములు, పత్రికలు, సిద్ధాంతగ్రంథములు అచ్చునకు సిద్ధమైనవి. అచ్చైన కాగితము చక్కగా నున్నది. దాని మూలమును నేడు తెరచినచో, ఆ ఖతి లేని యంత్రమున అర్థము లేని రోమను గుర్తులు బారులు తీరి కనబడును. ఒక మిత్రుని సిద్ధాంతగ్రంథమును మేము ఈ స్థితిలో చూచితిమి. గ్రంథకర్త జీవించియున్నారు, తాను ఏ ఖతిలో వ్రాయించినదియు ఆయనకు జ్ఞప్తి లేదు, టైపు చేసినవారి అంగడి మూతపడినది. గొలుసుకట్టు చదువుటకు ఎనుబదియేండ్ల పెద్దమనిషి దొరకెను. దీనిని చదువుటకు ఎవరిని పిలువవలెను?

కొన్ని ఖతులకు మార్పుచేయు సాధనములు కలవు. కాని ఖతి పేరు తెలియనిదే ఆ సాధనము పనిచేయదు. తాళపత్ర లేఖకుడు గ్రంథాంతమున సంవత్సరమును, మాసమును, తిథిని, తన పేరును, ఎవరికొరకు వ్రాసినదియు గీసి, తప్పులున్నచో మన్నింపుడని వేడుకొని ముగించెడివాడు. ఆ గద్యలో సగమైనను మన శాఖలకు సమర్పింపబడు ప్రతులపై నుండినచో చాలును: ఏ యంత్రమున, ఏ ఖతిలో, ఏ సంకేత పద్ధతిలో, ఎవరు టైపు చేసిరి. 1990 మొదలు 2010 వరకు వచ్చిన సిద్ధాంతగ్రంథములకు ఈ వివరములను, వ్రాసినవారు జీవించియుండగనే అడిగి, అట్టవెనుక చీటి అంటించు పనిని ఏ శాఖయైనను ఒక వేసవి సెలవులలో ముగించుకొనవచ్చును.